ఎర్ర క్యాబేజీ, ఎర్ర నీళ్ళు

ఇబ్రహీంపట్నం,
జూలై 2023.

స్వప్న వదినకు,

మీ కంపెనీ టీవీ మా బడికి వచ్చింది. మా బడి యజమాని విద్యాసాగర్ సార్ దానికి కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, ఏడో తరగతి గోడకు బిగించాడు. పిల్లల్ని మాత్రం ముట్టుకోనివ్వడం లేదు. వేలితో ముట్టుకుంటేనే పనిచేసే టీవీ అది.

నిన్న మొదటిసారి అందులో సైన్సు కృత్యం పెట్టాను. ఆమ్లాలు, క్షారాలు. తెర మీద తెల్లటి వంటగది ఒకటి తెరుచుకుంది. ఒక ఆడగొంతు తేనె పూసినట్టు, "మీ ఫ్రిజ్‌లో నుంచి ఎర్ర క్యాబేజీ తీసుకోండి" అంది. పిల్లలంతా నా వైపు తిరిగారు. వాళ్ళలో సగం మంది ఇళ్ళలో ఫ్రిజ్ లేదు. ఉన్నవాళ్ళ ఫ్రిజ్‌లో దోశపిండి ఉంటుంది. మా అంగడిలో ఎర్ర క్యాబేజీ అడిగితే నాకు ఏమైనా అయిందేమోనని చూస్తారు. వెనక బెంచీ పిల్ల ఒకతె లేచి, "ఎర్రగుంటే గది క్యాబేజెట్లయితది టీచర్, ఉల్లిగడ్డ అయ్యుంటది" అంది. ఆ గంటలో జరిగిన సైన్సు అంతా అదే.

తర్వాతి కృత్యంలో బాల్కనీకి ఉష్ణమాపకం వేలాడదీయమన్నారు. దాని తర్వాతది మీ ఇంటి పచ్చికలో పురుగుల్ని లెక్కపెట్టమంది. ఇవన్నీ రాసినవాళ్ళు ఏ ఊళ్ళో పుట్టారో అనుకుంటుండగా ఆఖరున నీ పేరు కనిపించింది. నువ్వు నా మేనమామ కూతురివని పిల్లలకు చెప్పలేదు. చెబితే పోయేది నా పరువు.

మన రెండిళ్ళలో బడి గడప తొక్కినవాళ్ళం మనిద్దరమే కదా వదినా. మీ నాన్న, మా బాపు ఒకే గుట్ట మీద రాళ్ళు కొట్టి మనల్ని చదివించారు. నువ్వు ఆ చదువంతా పెట్టి లేని పచ్చికలో లేని పురుగుల్ని లెక్కపెట్టిస్తున్నావు.

ఇదంతా ఫోన్లో చెబితే మీటింగ్ ఉందని పెట్టేస్తావు. అందుకే హాస్టల్ రోజుల్లోలాగా కాగితం మీద రాసి నీ తమ్ముడు దివాకర్‌కు ఇస్తున్నాను. కారులో తీసుకుపొమ్మంటే వాడన్న మాట ఇది: "ఇద్దరికీ ఫోన్లున్నయ్, నడుమ నాకెందుకు వదినా గీ పోస్ట్‌మాన్ నౌకరి?"

నీ మరదలు,
సంతోషి


మాదాపూర్, హైదరాబాద్,
ఆగస్టు 2023.

నోరు పెద్ద మరదలికి,

నీ ఉత్తరం క్యాంటీన్‌లో కూర్చుని చదివాను. పక్కనున్న అమ్మాయి చూసి, ఎవరైనా పోయారా అని అడిగింది. ఇక్కడ కాగితం మీద చేతిరాత కనిపిస్తే అట్లాగే అనుకుంటారు.

నువ్వు తిట్టినవన్నీ నాకు తెలుసు. మా పని ఎట్లా ఉంటుందో కూడా తెలుసుకో. వేరే దేశంలో తయారైన కృత్యం నా ముందుకు వస్తుంది. దాన్ని తెలుగు చేయాలి. జాక్ ఉంటే రాజు అని, జేన్ ఉంటే రాణి అని మార్చాలి. క్యాబేజీ మారుద్దాం అంటే బొమ్మలు గీయించడం అయిపోయింది అంటారు. పచ్చిక తీసేద్దాం అంటే ఆ పచ్చ రంగు తెర మీద బాగుంటుంది అంటారు. పచ్చగా ఉందన్న ఒక్క కారణంతో ఒక పాఠం బతికిపోవడం ఎప్పుడైనా చూశావా? నేను రోజూ చూస్తున్నాను.

సరే, నీ సంగతి. పెద్ద ప్రయోగశాల నడుపుతున్నదానిలా రాశావు. పోయిన ఏడాది నీ పాఠ్య ప్రణాళిక చూశానులే. మందార పువ్వు భాగాలు బోర్డు మీద రంగు చాక్‌పీసులతో గీశావట. మీ బడి గేటు పక్కనే మందార చెట్టు ఉంది. అందులో ఒక పువ్వు కోసి చూపడానికి నీకు ఏ దేశం నుంచి అనుమతి రావాలి?

నువ్వు ఎత్తిపొడిచావని కాదుగానీ, ఈసారి ఒక కృత్యం నేనే మొదటినుంచి రాశాను. పేరు 'పసుపుతో నేల పరీక్ష'. నేల మీద సున్నంతో మూడు గళ్ళు గీయాలి. ఒకటి ఉత్త మన్ను. రెండోదానిలో సున్నం కలపాలి. మూడోదానిలో నిమ్మరసం పిండాలి. మూడింటి మీదా పసుపు నీళ్ళు పోయాలి. ఏ గడిలో ఏ రంగు వచ్చిందో పిల్లలే చూసి చెప్పాలి. బొమ్మలతో ట్యాబ్‌లో ఆడుకునే రకం కూడా తయారుచేశారు, పట్నం బడుల కోసం. రెండూ మా టీవీల్లోకి, యాప్‌లోకి ఎక్కాయి.

ఇప్పుడు అసలు మాట. కృత్యం అయ్యాక బడివాళ్ళు 'చేశాం' అన్న బటన్ నొక్కాలి. అన్ని బడులూ నొక్కుతాయి, చేసేది ఎవరూ ఉండరు. మా మేనేజర్‌కు అనుమానం వచ్చింది. నిజంగా చేసిన తెలుగు బడి ఒక్కటైనా చూపించు, లేకపోతే ఈ విభాగం ఎందుకు అంటున్నాడు. ఈ విభాగం అంటే నేను, ఇంకో అమ్మాయి. ఒక్కసారి చెయ్యి. తిడుతూనే చెయ్యి, నాకేం పట్టింపు లేదు. కానీ చేసి నొక్కు.

స్వప్న


ఇబ్రహీంపట్నం,
సెప్టెంబర్ 2023.

వదినా,

మందార చెట్టు సంగతి ముందు. అందులో ప్రతి పువ్వూ విద్యాసాగర్ సార్ వాళ్ళింటి దేవుడిది. ఒక్కటి కోస్తే ఆ సాయంత్రమే ఎవరు కోశారని తరగతి తరగతికీ విచారణ జరుగుతుంది. ఇక నువ్వు నన్ను అనాల్సిందేమైనా ఉంటే అను.

నీ కృత్యం చేశాం. బాగుంది. ఈ మాట రాయడానికి నాకెంత కష్టంగా ఉందో నీకు తెలియాలి.

నేల పరీక్షకు నేల దొరకలేదు. మా బడి ఆవరణంతా పలకలు పరిపించారు, నాలుగు పక్కలా గోడ కట్టించారు. మన్ను అంటే బడి వెనక సార్ వెంచర్‌లో ఉన్నదే. ఒకప్పుడు జొన్న పండిన చెలక. కొంగరకలాన్‌లో కలెక్టరాఫీసు వచ్చాక అది ప్లాట్లు అయింది, హద్దురాళ్ళకు పచ్చరంగు పడింది. పిల్లల్ని తీసుకుని అక్కడికి పోయాను. రోడ్డు పక్క ప్లాటు చదునుగా కనిపిస్తే దాంట్లోనే సున్నంతో మూడు గళ్ళు గీశాం.

రెండో గడిలో పసుపు నీళ్ళు పడగానే ఎర్రగా అయింది చూడు, పిల్లలు వెనక్కి దుమికారు. మళ్ళీ వాళ్ళే ముందుకు తోసుకున్నారు. ఉల్లిగడ్డ పిల్లే, "పారాణి గిట్లనే కలుపుతరు గదా టీచర్" అంది. ఈ ముక్క మీ పాఠంలో లేదు. పెళ్ళికూతురి కాళ్ళకు పెట్టేది, చంటిపిల్లలకు దిష్టి తీసేది, మా పాఠం, అన్నీ ఒకటే పసుపు, ఒకటే సున్నం అని వాళ్ళంతట వాళ్ళే పట్టుకున్నారు. ఎర్ర మన్ను మీద నిమ్మరసం పిండి మళ్ళీ పసుపు చేశారు. మళ్ళీ ఎర్ర చేశారు. గంట కొట్టినా కదలలేదు. చివరికి నేను కేకలేస్తే పరిగెత్తారు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. మీ నాగులమ్మ అత్త చాటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే, "నేను చేస్తె మూఢనమ్మకం, నువ్వు చేస్తె సైన్సా?" అంది. దీనికి జవాబు మీ కంపెనీలో ఎవరి దగ్గరైనా ఉంటే పంపించు.

బటన్ నొక్కాను. నిజంగా చేసి నొక్కాను. మీ మేనేజర్‌కు చెప్పుకో.

సంతోషి


ఇబ్రహీంపట్నం,
అదే సెప్టెంబర్.

వదినా,

పై ఉత్తరం దివాకర్ చేతికి ఇంకా పోకముందే ఇది కూడా రాయాల్సి వచ్చింది. రెండూ కలిపి పంపుతున్నాను. ముందుది చదివి నవ్వుకుంటే ఆ నవ్వు ఇక ఆపు.

మేం గళ్ళు గీసిన ప్లాటు అమ్మకానికి కుదిరిందట. పట్నం నుంచి రోహన్ అనే సాఫ్ట్‌వేర్ ఆయన మర్నాడే భార్యను, కూతుర్ని తీసుకుని చూసుకోవడానికి వచ్చాడు. కారు దిగి చూస్తే ఏముంది? ప్లాటు నడుమ సున్నపు గళ్ళు. ఒక గడిలో నెత్తురులాగా ఎర్ర మన్ను. చుట్టూ పిండేసిన నిమ్మ చెక్కలు. ముందు కూతురు గట్టిగా ఏడ్చిందట. తర్వాత ఆయన భార్య కారు ఎక్కి అద్దాలు పైకి ఎత్తుకుని కూర్చుందట. ప్లాటులో కాలు పెట్టకుండానే వెళ్ళిపోయారు.

విద్యాసాగర్ సార్ నన్ను ఆఫీసు గదిలోకి పిలిచాడు. కూర్చోమనలేదు.

"ఏం టీచరమ్మా, నా వెంచర్ల బాణామతి చేసినవా?"

పాఠం అని చెప్పాను. ఏడో తరగతి సైన్సు, మీరు కొన్న టీవీలోదే అని చెప్పాను. పసుపు డబ్బా, సున్నం తెచ్చి ఆయన బల్ల మీదే కలిపి చూపిస్తానన్నాను. బల్ల పాడవుతుందన్నాడు.

ఆయనకు ఇది పాఠమని తెలుసు వదినా. ఆయన దాన్ని చేతబడి అనుకోవడం లేదు. కొనేవాళ్ళు అనుకుంటున్నారు, ఆయనకు అది చాలు. ప్లాటులో శాంతి పూజ పెట్టిస్తాడట. వాళ్ళను మళ్ళీ రప్పిస్తాడట. ఆ పూజలో నేను ఏడో తరగతిని వెంటబెట్టుకుని నిలబడాలి. "తెల్వక చేసినం, తప్పయింది అను. పిల్లగాండ్లతోని గూడ భూమికి దండం పెట్టించు. రెండు మాటలు. గంతే" అన్నాడు. అనకపోతే మర్నాటి నుంచి బడికి రానక్కర్లేదన్నాడు.

బడి ఉన్నవాడికి సైన్సు తెలియకపోవడం నేను చూశాను. తెలిసీ దాన్ని జేబులో పెట్టుకుని పిల్లల చేత దండం పెట్టించేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను.

మీ కంపెనీ పేరు మీద ఒక్క కాగితం ఇప్పించు. ఇది మేం రాసిన పాఠమే, టీచర్ పాఠం ప్రకారమే చేసింది అని చాలు. వెంటనే పంపు.

సంతోషి


మాదాపూర్,
అక్టోబర్ 2023.

సంతోషీ,

కాగితం రాదు.

మేనేజర్‌కు అంతా చెప్పాను. నిజంగా చేసిన బడి దొరికిందని మొదట సంబరపడ్డాడు. చేస్తే ఏమైందో విన్నాక తలుపు వేసి రమ్మన్నాడు. ఆ సాయంత్రానికే పసుపు కృత్యాన్ని కిందికి దించేశారు, ట్యాబ్‌లో బొమ్మల రకం మాత్రం ఉంచారు. స్థానిక మనోభావాలట. దాని చోట మళ్ళీ ఎర్ర క్యాబేజీ ఎక్కింది. ఎర్ర క్యాబేజీకి ఏ ఊళ్ళోనూ మనోభావాలు లేవు. కంపెనీ పేరుతో నేను ఏ కాగితమూ ఇవ్వకూడదని మెయిల్ కూడా పెట్టాడు.

నువ్వు నన్ను చీదరించుకుంటావు, తెలుసు. కానీ ఒకటి అడుగుతాను. నా కృత్యాన్ని ఆఖరు దాకా చదివావా? చివరి సూచన చూడు. 'పని అయ్యాక గళ్ళ మీద నీళ్ళు పోసి కడిగి, నిమ్మ చెక్కలు ఏరేయండి' అని రాశాను. నేను రాసింది కాబట్టి అదేదో సోది అనుకుని చదవకుండానే పిల్లల్ని తోలుకుపోయి ఉంటావు. నా రాతల మీద నీకున్న చిన్నచూపు ఈ ఒక్కసారికి ఖరీదైంది.

ఇక నా సలహా. ఆ రెండు మాటలు అనెయ్. నోరేం కాలదు. మనోళ్ళు రాళ్ళు కొట్టి చదివించింది ఉద్యోగం కోసమే కదా. విద్యాసాగర్ లాంటివాడి ముందు గెలవడం కోసం కాదు. సంవత్సరం నడుమ ఏ బడీ కొత్త టీచర్ని తీసుకోదు. దండం పెట్టి వచ్చి, మర్నాడు తరగతిలో అది వట్టిదే అని చెప్పు.

స్వప్న


ఇబ్రహీంపట్నం,
నవంబర్ 2023.

స్వప్నకు,

ఈసారి వదినా అని రాయబుద్ధి కాలేదు.

చివరి సూచన చదవలేదు. నిజమే. ఆ మాట ఒప్పుకుంటున్నాను. కానీ మిగతా ఉత్తరం మొత్తం నువ్వు రాశావా, మీ మేనేజర్ రాశాడా? ఇవ్వాళ దండం పెట్టించి రేపు వట్టిదే అని చెప్పాలట. అప్పుడు పిల్లలు నా నుంచి నేర్చుకునేది ఏ పాఠం? దానికి కూడా ఒక బటన్ పెట్టించు, నొక్కుతాను.

నిన్న పూజ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ప్లాటులో షామియానా వేశారు. పంతులు వచ్చాడు. రోహన్, ఆయన భార్య, కూతురు లిఖిత వచ్చారు. లిఖిత కూడా ఏడో తరగతే, పట్నంలో పెద్ద బడి. చేతిలో ట్యాబ్ ఉంది. తల్లి కొంగు పట్టుకుని ప్లాటు అంచునే ఆగిపోయింది. మా పిల్లలు ఎండలో వరసగా నిలబడ్డారు.

పూజ సగంలో పంతులు దిష్టి తీయడానికి ఎర్ర నీళ్ళు కావాలన్నాడు. ఎవరూ తేలేదు. విద్యాసాగర్ సార్ పళ్ళెం, పసుపు, సున్నం తెప్పించి నా చేతికే ఇచ్చాడు, కలపమని. నేను ఆయన ముఖం చూశాను. ఆయనకు ఏమీ అనిపించలేదు. ఇదే ప్లాటులో నేను పోస్తే పాపం అయిన నీళ్ళు, పంతులు తిప్పితే శాంతి. మా పిల్లలు మాత్రం చూశారు. ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో పొడుచుకున్నారు. నేను కలుపుతుంటే ఉల్లిగడ్డ పిల్ల మెల్లగా, "ఇప్పుడు ఎర్రగైతది" అంది. అయింది.

లిఖిత దగ్గరికి వచ్చింది. భయంగానే, కానీ వచ్చింది. నీళ్ళ వంకే చూస్తోంది. ఇది ఎట్లా అయిందో తెలుసా అని అడిగాను. తల ఊపి, ఆమ్లాలు క్షారాలు, మా యాప్‌లో ఉంది అంది. మీ కంపెనీ పేరే చెప్పింది. పసుపు బొమ్మను జరిపి సున్నం బొమ్మ మీద వదలాలట. నువ్వు రాసిందే కదా అది. ట్యాబ్ తెరిచి చూపించింది కూడా.

"మరి అది చేసినప్పుడు ఏమైంది?" అన్నాను.

"స్టార్ వచ్చింది ఆంటీ."

నీ పాఠం పూర్తి చేసి స్టార్ తెచ్చుకున్న పిల్లే స్వప్నా, ఆ ప్లాటులో ఎర్ర మన్ను చూసి అందరికంటే ముందు ఏడ్చింది.

చెయ్యి చాపమన్నాను. అరచేతిలో చిటికెడు పసుపు, గోటి మీదంత సున్నం, చుక్క నీళ్ళు వేసి తననే రుద్దమన్నాను. ఎర్రగా అయింది. పంతులు దగ్గరి నిమ్మచెక్క పిండాను. పసుపైపోయింది. ఆ పిల్ల నోరు తెరిచి, తన చేతిని తల్లి ముఖం దగ్గర పెట్టింది. తల్లి చెయ్యి కడుక్కోమంది.

అప్పుడు సార్ నన్ను పిలిచి చెప్పమన్నాడు. చెప్పాను. "తెల్వక చెయ్యలే సార్, తెలిసే చేసినం. పసుపుల సున్నం గలిస్తె ఎర్రగైతది, గంతే. పని అయినంక కడగకుండ పోయినం, గది నా తప్పు. పిల్లలది కాదు. వాళ్ళు దండం పెట్టరు."

రోహన్ నా పక్కకు వచ్చి, ఇంటర్‌లో తనకు కెమిస్ట్రీ బాగా వచ్చేదని, మొదటి రోజే అర్థమైందని నవ్వుతూ చెప్పాడు. ఆ వెంటనే సార్ వైపు తిరిగి, ఇంత జరిగాక ఇంట్లోవాళ్ళ మనసు ఒప్పుకోవడం లేదు, రేటు కాస్త ఆలోచించండి అన్నాడు. సార్ ఆలోచించాడు. తగ్గించాడు. కూతురు భయంతో ఏడ్చిన ఏడుపును కూడా ఆ పెద్దమనిషి బేరంలో వాడుకున్నాడు.

రేటు తగ్గిన కోపం సార్ నా మీదే చూపాడు. షామియానా విప్పుతుండగా వచ్చి చెప్పాడు.

"రేపటి సంది నువ్వు రాకు. ఏడో తరగతికి టీవీ చాలు."

అభినందనలు. నా ఉద్యోగం మీ కంపెనీకి వచ్చింది.

సంతోషి


మాదాపూర్,
డిసెంబర్ 2023.

సంతోషీ,

నీ ఉత్తరం క్యాంటీన్‌లో చదవలేదు. గదికి తెచ్చుకుని చదివాను.

స్టార్ నేను పెట్టింది కాదు అని రాయబోయి ఆగాను. బొమ్మలు జరపమన్న వాక్యం నాదే. ఆ వాక్యం కింద స్టార్ పడుతుందని నాకు తెలుసు.

నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. నేను రాసిన కృత్యాల్లో ఒక్కటి కూడా నా చేతులతో చేసి చూడలేదు. పసుపుది కూడా చేయలేదు. మీ అమ్మ దిష్టి తీస్తుంటే చిన్నప్పుడు చూసింది గుర్తుకు తెచ్చుకుని రాశాను, అంతే. ఇక్కడ ఎవరూ చేసి చూడరు. చేసి చూడాలన్న ఊహ కూడా ఎవరికీ రాదు. బల్లల మీద కంప్యూటర్లు తప్ప ఒక గిన్నె కూడా ఉండదు.

మొన్న ఎర్ర క్యాబేజీ కోసం తిరిగాను. పెద్ద సూపర్ మార్కెట్‌లో, ప్లాస్టిక్ చుట్టి, అద్దాల వెనక ఉంది. అది ఎర్రగా లేదు, వంకాయ రంగులో ఉంది. చూసిన పిల్లలు ఎవరూ దాన్ని ఎర్ర క్యాబేజీ అనరు. ఇన్నేళ్ళు ఆ మాట నేనే తెలుగులో రాస్తూ వచ్చాను. తరిగి ఉడకబెడితే గదంతా వాసన. నిమ్మరసానికి గులాబీ రంగు, సున్నానికి ఆకుపచ్చ. ఒక్కదాన్నే కూర్చుని చాలాసేపు చూశాను. వేళ్ళకు ఇంకా మరక పోలేదు. ఆఫీసులో అడిగితే పాఠం చేశానన్నాను. ఏ పాఠం అని మళ్ళీ అడిగారు.

పసుపు కృత్యం తిరిగి పెట్టమని మేనేజర్‌కు రాశాను. బొమ్మలు జరిపే రకం వద్దు, చేసి చూసేదే పెట్టండి అన్నాను. ఆయన జవాబివ్వలేదు. నన్ను లెక్కల విభాగానికి మార్చారు. అక్కడ క్యాబేజీలు ఉండవు.

నిన్న అత్త ఫోన్ చేసింది. నీ ఏడో తరగతి పిల్లలు సాయంత్రం బడి వదలగానే మీ వాకిట్లోకే వస్తున్నారట. టీవీ ఏం చెప్పిందో నీకు చెప్పి, నువ్వు తిడుతుంటే నవ్వుకుంటున్నారట. "దీని నోరు మూతవడ్తలేదు, జర నువ్వు రా" అంది అత్త.

ఆదివారం దివాకర్ కారులో వస్తున్నాను. వాడు ఆ రోజు ఉత్తరం మోయనక్కర్లేదని సంబరపడుతున్నాడు, ఆరు క్యాబేజీలు మోయాలని ఇంకా చెప్పలేదు. పిల్లల్ని పిలువు. ఉల్లిగడ్డ పిల్లను ముందు కూర్చోబెట్టు, అది ఉల్లిగడ్డ కాదని తనే తేల్చుకుంటుంది. పసుపు, సున్నం నువ్వు చూసుకో. వాకిట్లో ఎన్ని గళ్ళు కావాలంటే అన్ని గీయించు. ఎంత తిట్టాలనుంటే అంత తిట్టు.

చివర్లో నీళ్ళు పోసి కడిగే పని నాది.

నీ వదిన,
స్వప్న